చార్టు టైం ఎనిమిదీ పది

మా అత్తని బస్టాండులో ఎవరూ పేరు పెట్టి పిలవరు. చార్టమ్మ అంటారు. ముప్పై నాలుగేళ్ళు బస్సులతోనే కాపురం చేసిన మనిషి. మొదటి పదకొండేళ్ళు కండక్టరు, ఆ తర్వాత రిటైరయ్యేదాకా కంట్రోలరు. బస్టాండు మధ్యలో అద్దాల గదిలో కూర్చుని, ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి వెళ్ళింది అని చార్టులో రాయడం కంట్రోలరు పని. ఆ గది ఇప్పుడు లేదు. దాని స్థానంలో ఎర్రక్షరాల బోర్డు పెట్టారు. ఆ బోర్డు తప్పు చూపిస్తోందని చెప్పడానికి మా అత్త రోజూ పొద్దున్నే ఆరింటికి బస్టాండుకి వెళ్తుంది. ఎవరూ అడగరు. అయినా వెళ్తుంది.

ఆవిడ మా నాన్నకి అక్క. పన్నెండేళ్ళుగా ఆవిడా నేనూ ఒకే ఇంట్లో ఉంటున్నాం. నాకు నలభై దాటినా ఆవిడ లెక్కలో నేనింకా ముక్కు తుడుచుకోవడం రాని పిల్లనే. నేను ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిములు చూస్తాను. జనం పంపిన కాగితాల్లో ఏది నిజం, ఏది కల్పన అని తేల్చడం నా ఉద్యోగం. ఈ సంగతి ఇక్కడ చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది, ఎందుకో మీకే తెలుస్తుంది.

టైం విషయంలో మా అత్తతో వేగడం ఎవరి తరమూ కాదు. పాలు తెచ్చే ఆయన రెండు నిమిషాలు లేటైతే గేటు దగ్గరే నిలబెట్టి సంజాయిషీ అడుగుతుంది. పాతికేళ్ళ వయసులో ఆవిడకి ఒక సంబంధం వచ్చిందట. నాలుగింటికి వస్తామన్నవాళ్ళు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. ఆవిడ తలుపు తియ్యలేదు. లోపలి నుంచే "బండి వెళ్ళిపోయిందండీ" అందట. మా నాన్న ఈ కథ చెప్పిన ప్రతిసారీ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేవాడు. నాకు మాత్రం ఆ గుమ్మం బయట నిలబడ్డవాళ్ళ మీద జాలేసేది.

ఇంత కచ్చితమైన మనిషికి ఒక రహస్యం ఉంది. ఆ రహస్యం డిపోలో డ్రైవర్లందరికీ తెలుసు. బస్సు పది నిమిషాలు లేటుగా వస్తే, చార్టులో వచ్చిన టైం రాసేది కాదు. రావాల్సిన టైం రాసేది. దాన్ని వాళ్ళు చార్టు టైం వెయ్యడం అంటారు. లేటు పడితే డ్రైవరుకి మెమో, మూడు మెమోలకి సస్పెన్షను. "రోడ్డేమైనా వాడు వేశాడా? గుంతలు వాడు తవ్వాడా? రైలు గేటు వాడు దించాడా?" అనేది. దానికీ ఆవిడ ఒక హద్దు పెట్టుకుంది. పావుగంట దాకా తన పూచీ, అది దాటితే డ్రైవరు పూచీ. ఆ పావుగంట లోపల ఎంతమంది ఉద్యోగాలు నిలబడ్డాయో లెక్కలేదు. దారిలో ఎదురైన ప్రతి డ్రైవరూ ఆవిడకి ఎందుకు దణ్ణం పెడతాడో నాకు చాలా ఏళ్ళ వరకు తెలీలేదు.

ఇక ఎముకల సంగతి. రిటైరైన నాలుగేళ్ళకి, మంచం కింద చెప్పు కోసం వంగి నేల మీద చెయ్యి ఆనించింది. మణికట్టు విరిగింది. పడలేదు, జారలేదు, ఊరికే చెయ్యి ఆనిస్తే విరిగింది. స్కాన్ తీస్తే ఎముకలు గుల్లబారాయన్నారు. అప్పటి నుంచి ఆర్నెల్లకో ఇంజెక్షను. ఐదేళ్ళలో పది ఇంజెక్షన్లు, ఒక్కటీ ఒక్కరోజు కూడా అటూ ఇటూ కాలేదు. కాదు కూడా, ఎవరనుకున్నారు! పదోది అయ్యాక డాక్టరుగారు, మా అత్త కూతురంత వయసున్న మనిషి, మమ్మల్ని కూర్చోబెట్టి మందు మార్చే సంగతి చెప్పింది.

"ఎముక ఎప్పుడూ కొంత కరుగుతూ, కొంత కట్టుకుంటూ ఉంటుందమ్మా. మీ ఇంజెక్షను ఆ కరిగించే కణాల్ని నిద్రపుచ్చింది. దీన్ని ఊరికే ఆపేస్తే అవన్నీ ఒక్కసారిగా ఆకలి మీద లేస్తాయి. అప్పుడు వెన్నుపూసలు ఒకదాని తర్వాత ఒకటి నొక్కుకుపోయే ప్రమాదం ఉంది. అందుకని దాని వెనకాలే ఇంకో మందు సెలైన్‌లా ఎక్కిస్తాం. అది మరీ ముందు ఇచ్చామా, నిద్రలో ఉన్న ఎముక దాన్ని సరిగ్గా పట్టుకోదు. ఆలస్యమైందా, నష్టం జరిగిపోతుంది."

మా అత్త కళ్ళు చికిలించి ఒక్క నిమిషం ఆలోచించింది. "కనెక్షన్ బస్సన్నమాట. మొదటి బండి దిగేసరికి రెండోది స్టాండులో ఉండాలి. మరీ ముందొస్తే ఖాళీగా పోతుంది. లేటైతే జనం రోడ్డు మీద పడతారు."

డాక్టరుగారు పెన్ను కింద పెట్టి నవ్వింది. "ఇంత బాగా నేను ఎవరికీ చెప్పలేకపోయానమ్మా! రేపటి నుంచి నేనూ ఇదే చెప్తాను."

ఆ మెప్పుతో మా అత్త వారం రోజులు నేల మీద నడవలేదు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది అక్కడే. అర్థం కాక చేసిన తప్పైతే సరే అనుకుందును. ఈవిడకి అందరికంటే బాగా అర్థమైంది.

ఆ కణాలు ఎప్పుడు లేస్తున్నాయో చెప్పడానికి ఒక రక్తపరీక్ష ఉంది. ఎముక కరిగేటప్పుడు కొన్ని తునకలు రక్తంలోకి వదుల్తుందట, వాటిని కొలుస్తారు. ఆఖరి ఇంజెక్షను తర్వాత ఆర్నెల్లు నిండగానే ఒకటి, అక్కణ్ణుంచి నెలకొకటి. డాక్టరుగారు కాగితం మీద ఒక గీత గీసి, నెంబరు ఈ గీత దాటిన రోజే ఫోన్ చెయ్యండి, ఆ వారంలోనే మందు ఎక్కిస్తాను అంది. షరతులు కూడా రాసిచ్చింది. పరగడుపున, మంచినీళ్ళు తప్ప ఇంకేమీ తాగకుండా, పొద్దున్న ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య, ప్రతిసారీ అదే వేళకి. ఈ నెంబరు తెల్లవారుజామున ఎక్కువగా ఉండి, పొద్దెక్కేకొద్దీ దిగిపోతుందట. కడుపులో ఏదైనా పడితే ఇంకా దిగుతుందట. ల్యాబువాళ్ళ చీటీలో అందుకే రెండు గళ్ళుంటాయి. ఆఖరిసారి తిన్న టైం ఒకటి, రక్తం తీసిన టైం ఒకటి.

"ఈవిడకి టైం గురించి మీరు చెప్పాలా డాక్టరుగారూ?" అన్నాను నేను. నా నోటితో నేనే అన్నాను.

మొదటి పరీక్ష నెంబరు గీతకి చాలా కిందుంది. అది సహజమేనంది డాక్టరుగారు, ఇంజెక్షను ప్రభావం ఇంకా పూర్తిగా పోలేదు. రెండో నెల కూడా కిందే ఉంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి ఆ కాగితం చూసి నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. మా తమ్ముడికి ఫోన్ చేసి, "అత్త ఎముకలు ఇనపకడ్డీల్రా" అని గొప్పలు పోయాను. మూడో నెల వెంట్రుకవాసిలో గీత కిందే ఆగింది. ఆసారి డాక్టరుగారు తనే ఫోన్ చేసింది. "నాకు ఆశ్చర్యంగా ఉందండీ. నెలదాకా వద్దు, రెండు వారాల్లో మళ్ళీ చేయించండి" అంది. ఆవిడ అనుమానపడుతోందని నాకు తట్టలేదు. మా అత్త అందరిలాంటి మనిషి కాదు కదా, ఎముకలూ అలాగే ఉంటాయనుకున్నాను.

పదో రోజున వంటింటి కిటికీ బిగుసుకుపోతే, నేనొచ్చేదాకా ఆగకుండా రెండు చేతులా పట్టి లాగింది. కిటికీ రాలేదు. నడుం మధ్యలో ఏదో పుటుక్కుమందట. రెండు రోజులు నాతో చెప్పలేదు. గ్యాసంది. పడక తేడా అంది. వేడినీళ్ళ సంచీ దిండు కింద దాచి పెట్టుకుంది. మూడోరోజు కుర్చీలోంచి లేవబోయి, లేవలేక, బల్ల అంచు పట్టుకుని అలాగే ఉండిపోయింది. మొహం పాలిపోయింది. అప్పుడు కూడా "టైమెంతైందే?" అనే అడిగింది. నాకు ఏడవాలో అరవాలో తెలియలేదు. రెండూ చేశాను.

ఎక్స్‌రేలో ఒక వెన్నుపూస ముందువైపు నలిగిపోయి ఉంది. డాక్టరుగారు ఆసుపత్రిలోనే ఉంచి, మర్నాడు పొద్దున్న సరిగ్గా ఎనిమిదింటికి, తన ఎదురుగానే రక్తం తీయించింది. ఆ నెంబరు గీతకి రెండింతలు దాటింది. ఆవిడ నాలుగు కాగితాలూ బల్లమీద వరసగా పేర్చింది.

"పన్నెండు పదమూడు రోజుల్లో పెరగదని అనను. కానీ ఇంత తేడా నాకు నమ్మకంగా లేదు. అమ్మా, జుట్టు ఊడకుండా, గోళ్ళు విరక్కుండా అని ఏవైనా మాత్రలు వేసుకుంటున్నారా? కొన్నిట్లో ఉండే విటమిను ఈ పరీక్షని తప్పుదోవ పట్టిస్తుంది."

"ఈ వయసులో జుట్టు ఎవరికి చూపించనమ్మా?" అంది మా అత్త మంచం మీంచి.

"మరి పరీక్షకి ముందు ఏమైనా తిన్నారా?"

మా అత్త పైన ఫ్యాను వైపు చూసింది. నేను కాగితాలు తీసుకుని చదివాను. మూడు నెలలు, మూడు చీటీలు. తిన్న టైం, రాత్రి ఎనిమిది. రక్తం తీసిన టైం, ఎనిమిదీ పది, ఎనిమిదీ పది, ఎనిమిదీ పది. బతికున్న మనిషెవడూ మూడుసార్లు ఒకే నిమిషానికి సూది పొడిపించుకోడు. ఇదే కాగితం ఎవడైనా నా ఆఫీసు బల్లమీద పెట్టి ఉంటే, వాణ్ణి మూడు చెరువుల నీళ్ళు తాగించేదాన్ని.

ఆ సాయంత్రమే ల్యాబుకి వెళ్ళాను. రక్తం తీసే ఆవిడ నన్ను చూడగానే లేచి నిలబడింది. నలభై ఏళ్ళుంటాయి, నెమ్మదస్తురాలు. చీటీలు ముందు పెట్టి, "ఈ టైములు ఎవరు వేశారు?" అన్నాను.

"నేనేనండీ. ఆవిడ చెప్పారు, నేను రాశాను."

"నిజంగా ఎన్నింటికి తీశారు?"

"మొదటిసారి తొమ్మిదీ పావండీ. పావుగంటే కదా, చార్టు టైం వెయ్యి అన్నారు. రెండోసారి పదిన్నరైంది. మూడోసారి పదకొండు. రేపు రండమ్మా అన్నాను. రేపటికి రేపు ఇంకో బస్సుంటుంది, ఇవాళ్టి బస్సు ఇవాళే పంపు అన్నారు."

"పరగడుపునేనా?"

"అడిగానండీ. టీ తాగాను, రెండు బిస్కెట్లు తిన్నాను, అదీ ఒక తిండేనా అన్నారు."

నాకు నోటికి ఎంతొస్తే అంత అనేశాను. మీరు చదువుకున్నవాళ్ళు కాదా అన్నాను. మనిషి ప్రాణంతో ఆటలా అన్నాను. ఆవిడ తలొంచుకుని అంతా విని, చివర్న నెమ్మదిగా చెప్పింది. "మా నాన్న డ్రైవరండీ. రెండు మెమోలు పడ్డాయి. మూడోది పడాల్సిన రోజు చార్టమ్మగారు చార్టు టైం వేశారు. పావుగంట కాదు, ఆరోజు నలభై నిమిషాలు లేటట. నేను ఈ కోర్సు చదివింది ఆ జీతంతోనే. ఆవిడొచ్చి రాయమంటే, లేదని ఎలా అంటానండీ?" అని కళ్ళు తుడుచుకుంది.

ఏమనాలి? నలభై నిమిషాలకి కూడా వేసిందన్నమాట. ఆ పావుగంట హద్దు కూడా గాలి కబురే. మా అత్త ఒకప్పుడు చేసిన మేలు తిరిగి తిరిగి వచ్చి ఆవిడ నడుం మీదే కూర్చుంది. అత్తని తిట్టలేక, మెచ్చుకోలేక, పళ్ళు నూరుకుంటూ ఇంటికొచ్చాను.

మర్నాడు మందు ఎక్కించారు. కిటికీ పక్క వాలుకుర్చీ, చేతికి సూది, పైన చిన్న సీసా. పూర్తవడానికి అరగంట పడుతుందని నర్సు చెప్పి వెళ్ళింది. నేను ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మూడు నెలల్లో మా అత్త తప్పించుకుని బస్టాండుకి పారిపోలేని అరగంట అదొక్కటే.

"ల్యాబుకి వెళ్ళొచ్చాను" అన్నాను.

"ఆ అమ్మాయిని ఏమీ అనలేదు కదా?"

"అన్నాను. నిన్ను అనాల్సినవి కూడా ఆవిణ్ణే అన్నాను. ఒక్క గంట టీ మానుకోలేకపోయావా అత్తా? నెలకి ఒక్కరోజు! ఆ బస్టాండులో నువ్వు లేకపోతే బస్సులు కదలవా?"

"టీ కోసం కాదే."

"మరి దేనికి? కనెక్షన్ బస్సని నువ్వే కదా చెప్పావు! ఆవిడ నీ మాట విని మురిసిపోయింది కూడా! అర్థమయ్యే చేశావు కదా ఇదంతా!" నా గొంతు పెరిగింది. పక్క కుర్చీలో మందెక్కించుకుంటున్న పెద్దాయన దినపత్రిక దించి చూశాడు.

"అర్థమైంది కాబట్టే భయమేసింది" అంది మా అత్త. ఆ మాట నెమ్మదిగా, మామూలుగా అంది. "మొదటిసారి నిజంగానే పావుగంట లేటైంది, అంతే. నెంబరు తక్కువొచ్చింది. లేటుగా వెళ్తే తక్కువొస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది కదా. రెండోసారి కావాలనే లేటు చేశాను. మా అమ్మ ఆఖరి ఆరేళ్ళు ఎలా బతికిందో నువ్వు చూళ్ళేదు. నడుం రెండుగా వంగిపోయింది. ఎవరైనా ఇంటికొస్తే వాళ్ళ పాదాలు చూసి పోల్చుకునేది. నేను ఎదురుగా నిలబడితే నా మొహం చూడాలని మంచం మీద పక్కకి ఒరిగేది. ఆ నెంబరు గీత దాటిందంటే నాకు కూడా అది మొదలైందనే కదా. కాగితం మీద తక్కువుంటే, ఇంకో నెల నిటారుగా నడుస్తానని..."

"కాగితం మీద తక్కువుంటే ఎముకకి తెలుస్తుందా అత్తా?"

"తెలీదు. నాకు తెలుసు, తెలీదని." ఎడం చేత్తో కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "బస్సు లేటైనా చార్టులో టైంకి వచ్చినట్టు రాస్తే, అదెలాగో ఆ రోజు గడిచిపోయేది. అలవాటైపోయిందే."

డాక్టరుగారు వచ్చి సీసా చూసి, రేపు కాస్త జ్వరం, ఒళ్ళునొప్పులు వస్తే కంగారుపడొద్దని చెప్పింది. ఒక్క పూసతో ఆగుతుందా అని అడిగాను. "ఇంకా లేటై ఉంటే మూడో నాలుగో పోయేవి. ఇప్పుడు ఒక్కదాంతో ఆగాలనే అందరం అనుకుందాం. మాట మాత్రం ఇవ్వలేను" అని, మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్షకి తేదీ రాసిచ్చి వెళ్ళిపోయింది.

ఆ మాట విన్నాక నాలో మిగిలిన కోపమంతా పైకి పొంగింది. "నువ్వు ఎవర్ని మోసం చేశావో తెలుసా? డాక్టరుగార్నీ, ఆ ల్యాబావిణ్ణీ, నన్నూ! నేను నమ్మాను నిన్ను. ప్రతి నెలా ఆ కాగితం చూసి నమ్మాను!"

మా అత్త కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని నన్ను చూసింది. కంట్రోలరు గదిలో అద్దం వెనక నుంచి డ్రైవర్లని అలాగే చూసేదేమో.

"రెండో పరీక్ష రోజు నువ్వు ఆఫీసుకి ఎన్నింటికి బయల్దేరావు?"

"తొమ్మిదింటికి. రోజూ తొమ్మిదింటికే కదా."

"అప్పుడు నేనెక్కడున్నాను?"

ఆ పొద్దున్న గుర్తొచ్చింది. మా అత్త వీధి వరండాలో కూర్చుని ఉంది. పక్కన టీ గ్లాసు ఉంది. ల్యాబుకి వెళ్ళవా అని నేను అడగలేదు. వెళ్ళొస్తానత్తా అన్నాను, గేటు గడియ నేనే వేశాను.

"అది నేను చూశానే" అంది మా అత్త. "నీకూ భయంగా ఉందేమోలే అనుకున్నాను."

ఆ పరీక్ష రోజు సాయంత్రం నా చేతిలో చీటీ ఉంది. దాని మీద ఎనిమిదీ పది అని ఉంది. చదివాను. దాని కింద నెంబరు బాగుంది.